నాలుగు వందల పదమూడో చెట్టు

కుటుంబరావు ఆ రోజు పొద్దున పెట్టుకున్న పని చాలా చిన్నది. ఎండ ముదరకముందే వీధివైపు గోడ పక్కనున్న చెట్టు మొదలుకు సున్నం కొట్టాలి, స్నానం చేయాలి, పేపరు చదువుకోవాలి. అంతకు మించి ఆయనకు ఏ దురుద్దేశమూ లేదు. ఆ తర్వాత పది రోజులపాటు నందిగామలో, చందర్లపాడు రోడ్డు మొదట్లో జరిగిన గందరగోళానికంతటికీ ఆయనే కారణమని ఇప్పటికీ కొందరంటారు గాని, పాపం, మనిషి చేసిందల్లా సున్నం కొట్టడమే.

అది మామూలు చెట్టు కాదు. అంటుకట్టిన అవకాడో. నాలుగేళ్ల కిందట, 2002లో, రోడ్ల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన వారానికే కుటుంబరావు భార్య వసుమతిని కొడైకెనాల్ తీసుకెళ్లాడు. తిరిగి వచ్చేటప్పుడు కంచిలో దిగి పట్టుచీర కొంటానని మాటిచ్చాడు. ఇంతలో కొండమీద ఒక నర్సరీలో ఈ మొక్క కంటపడింది. ఇక కంచిలో దిగలేదు. మొక్కతో రైళ్లు ఎక్కి దిగితే అంటు కదిలిపోతుందని భయపడ్డాడు. నందిగామ చేరేదాకా వసుమతి కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చాక మొక్క నాటడానికి ఆయన ఎంచుకున్న చోటు, ముప్పయ్యేళ్లుగా ఆమె బట్టలుతుక్కునే బండ ఉన్న చోటు. ఇల్లంతటికీ పొద్దుటెండ బాగా తగిలేది అక్కడే మరి. బండ పెరట్లో మురుక్కాలవ పక్కకు పోయింది.

"ముప్పై మూడేళ్లు రోడ్డు పక్క చెట్లన్నిటికీ కాపలా కాశాను వసుమతీ. అందులో ఒక్కటీ నాది కాదు. ఇదొక్కటి నాది," అన్నాడు కుటుంబరావు ఆ రోజు. అంటున్నప్పుడు గొంతు కొంచెం వణికింది. అందుకని ఆమె బండ సంగతి అప్పటికి వదిలేసింది. అప్పటికి మాత్రమే.

నర్సరీవాడు చెప్పిన మూడు మాటలు ఆయన డైరీలో రాసుకున్నాడు. అంటు అతుకు మట్టిలో కప్పబడిపోకూడదు. వేళ్ల దగ్గర నీళ్లు నిలవకూడదు. అతుకు కింద నుంచి చిగుళ్లొస్తే ఎప్పటికప్పుడు గిల్లేయాలి, లేకపోతే అడుగు మొక్క బలిసి పైమొక్క ఎండిపోతుంది. మన నల్లరేగడి నీళ్లు తాగిందంటే వారం దాకా వదలదు కాబట్టి, ఇసుకా కంకరా తోలించి రెండడుగుల ఎత్తున దిబ్బ వేసి దానిమీద నాటాడు. మొదటి వేసవిలో ఎండకు కమిలిపోతుందని ఇంట్లో ఉన్న ఒక్క గొడుగునూ దాని పక్కన పాతాడు. ఆ వేసవంతా వసుమతి నెత్తిన చెంగు కప్పుకుని బజారుకు వెళ్లింది. మూడో ఏడు వచ్చిన పూతను, చెట్టుకింకా అంత బలం లేదని, తనే గిల్లేశాడు. పెంచడం గురించి ఇన్ని అడిగి తెలుసుకున్న మనిషి పండు గురించి మాత్రం ఒక్క ముక్క అడగలేదు. పండు పండుతుంది, అందులో అడగడానికేముంది!

నాలుగో ఏడు పూత నిలబడింది. పిందెలు రాలగా రాలగా మూడు మిగిలాయి. అందులో రెండు మే నెల గాలిదుమారానికి పోయాయి. మిగిలిన ఒక్క కాయకూ కుటుంబరావు పాత దోమతెర గుడ్డతో, వసుమతి చేతే, ఒక సంచి కుట్టించి తొడిగాడు. రోజూ పళ్లు తోముకోగానే సంచిలో చెయ్యి పెట్టి బొటనవేలితో నొక్కి చూసేవాడు. జూన్ వచ్చేసరికి కాయ ఎదగడం మానేసింది. పండటం మాత్రం మొదలుపెట్టలేదు.

"ఏమంటున్నారు దొరగారు?" అని వంటింట్లోంచి అడిగేది వసుమతి.

"ఇంకా గట్టిగానే ఉంది. రేపో, ఎల్లుండో."

ఈ రేపో ఎల్లుండో నలభై రోజులు నడిచింది. చివరికి ఆషాఢం సగంలో ఆమె తేల్చి చెప్పేసింది.

"శ్రావణం వచ్చేలోగా ఆ కాయ పండిందా, సరే. లేదంటే చెట్టు కొట్టించేసి నా బండ మళ్లీ అక్కడే వేయించుకుంటా. మురుక్కాలవ పక్కన ఉతికి ఉతికి నడుం పడిపోయిందండీ. చీర పోతే పోయింది, బండన్నా దక్కాలిగా నాకు!"

శ్రావణానికి అప్పటికి పదిహేను రోజులుంది. ఆమె ఉత్తుత్తి మాటలనే మనిషి కాదు. చెట్టు మీద కాకి వాలినా కుటుంబరావు గుండె గుభేలుమనే రోజులవి. ఆ సోమవారం పొద్దున చూస్తే, తొలకరి తడికి మొదలు మీద చెదలు పాకుతున్నాయి. సున్నం అందుకు.

సున్నంలో కాస్త మైలుతుత్తం కలిపి నాలుగడుగుల ఎత్తు దాకా తెల్లగా కొట్టాడు. అక్కడితో ఆగిపోతే ఈ కథ లేదు. కాని ఆ చేతికి ముప్పై మూడేళ్ల అలవాటు. అది ఆయన్ని అడక్కుండానే జేగురు డబ్బా తీసుకుని పైన ఒక ఎర్రపట్టీ, కింద ఒక ఎర్రపట్టీ వేసేసింది. రోడ్డు పక్క ఏ ప్రభుత్వ చెట్టుకైనా అంతే కదా. పట్టీల మధ్య తెల్లగా వదిలేస్తే ఆయన కంటికి బోసిగా కనిపించింది. నంబరుండాలి. నంబరు అనగానే ఆయనకు 413 గుర్తొచ్చింది.

చందర్లపాడు నుంచి నందిగామ దాకా రోడ్డుకు రెండు పక్కలా ఉన్న శాఖ చెట్లు నాలుగు వందల ఇరవై ఆరు. అందులో 413 ఒక చింతచెట్టు. సరిగ్గా ఈయన ఇంటి ముందే ఉండేది. ఈయన సర్వీసులో ఉండగానే గాలివానకు కూలిపోయింది. ఎప్పటికైనా అక్కడ ఇంకో మొక్క నాటుతారులే అని ఆయన రిజిస్టరులో ఆ నంబరు కొట్టెయ్యలేదు. ఎవరూ నాటలేదు. రిటైరయ్యాక కూడా ఆ ఖాళీ నంబరు అప్పుడప్పుడు ఆయన మనసులో మెదిలి బాధపెడుతూనే ఉంది. ఇప్పుడు దాన్ని భర్తీ చేశాడు. మొదలు సన్నం కాబట్టి అంకెలు ఒకదాని కింద ఒకటి వేశాడు. గేటు దాకా వెనక్కి నడిచి చూసుకుని తృప్తిపడ్డాడు.

పనిలో పనిగా ఎరువు సంగతి కూడా చూద్దామనుకున్నాడు. ఎరువు మొదట్లో కాకుండా కొమ్మల అంచు కింద వేయాలని ఎక్కడో చదివాడు. టేపు తెచ్చి నాలుగు వైపులా కొలిచి, అంచు పడిన చోటల్లా ఒక మేకు కొట్టి సున్నంతో గీత గీశాడు. ఒక కొమ్మ మటుకు గోడ దాటి పక్కింటి మెట్ల మీదికి వెళ్లింది. అక్కడ ఎరువు వేసేదేమీ లేదు గాని, మూడు వైపులా కొలిచి నాలుగో వైపు వదిలేయడం ఆయన ఒంటికి పడదు. బయటికి వెళ్లి, పక్కింటి మెట్ల మొదట్లో కూడా మేకు కొట్టి గీత గీసి వచ్చాడు.

పక్కిల్లు వరప్రసాదరావు మాష్టారిది. వీరులపాడు వైపు ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. ఈస్టర్ అయిన వారానికే కొత్త ఇంట్లో ప్రార్థన పెట్టించుకుని దిగాడు. నల్లరాయి పరిచిన ఆ మెట్లంటే ఆయనకు ప్రాణం. చెప్పులు కింద వదిలి ఎక్కుతాడు. ఎనిమిదింటి బస్సుకు బయల్దేరి మెట్లు దిగబోతూ మేకు చూశాడు. గీత చూశాడు. గోడ మీదుగా తెల్లగా, ఎర్రపట్టీలతో, నంబరుతో నిలబడ్డ చెట్టు మొదలు చూశాడు. చెట్టు పక్కనే చేతిలో టేపుతో రోడ్ల శాఖ మనిషి. రోడ్డు వెడల్పు చేస్తారని అప్పటికి రెండేళ్లుగా ఊళ్లో ఒక మాట తిరుగుతూనే ఉంది.

"కుటుంబరావుగారూ, ఏంటండీ ఇదీ? ఈ గీత..."

కొమ్మ తన మీదికి వచ్చిందని మాష్టారు నొచ్చుకున్నాడనుకున్నాడు కుటుంబరావు. "ప్రస్తుతానికి ఇంతవరకే మాష్టారూ. వచ్చే ఏటికి ఇంకో మూడడుగులు రావచ్చు. మీకు ఇబ్బందనిపిస్తే మొహమాటపడకుండా చెప్పండి, నేనే దగ్గరుండి కొట్టించేస్తా."

ఇంకో మూడడుగులంటే మెట్లే కాదు, వరండా కూడా పోతుంది. ఇంత నెమ్మదిగా, నవ్వుతూ చెప్పిన మనిషితో వాదన దండగనుకుని మాష్టారు లోపలికి వెళ్లి భార్య బేబిని పిలిచాడు.

"స్కూలుకి సెలవు పెడుతున్నా. మేస్త్రీకి కబురు చెయ్. ప్రొక్లెయినుతో వాళ్లు పగలగొట్టకముందే మనమే జాగ్రత్తగా ఊడదీసుకుందాం. రాళ్లన్నా దక్కుతాయి."

మధ్యాహ్నానికి మెట్లు లేవు. నల్లరాయి పలకలు ఒక్కటీ పగలకుండా వరండాలో పేర్చి ఉన్నాయి. ఇంట్లోకి వెళ్లడానికి వరప్రసాదరావు వంటింటి స్టూలు తెచ్చి గుమ్మం ముందు వేసుకున్నాడు. లెక్కల మాష్టారే మెట్లు ఊడదీశాడంటే మిగతావాళ్లకు ఇంక అనుమానమేముంటుంది? ఎదురుగా టీ కొట్టు బుల్లిబాబు పందిరి గుంజలు పీకేసి కొట్టు లోపలికి జరుపుకున్నాడు. ఆ పక్కింటివాళ్లు కుళాయి దిమ్మె పగలగొట్టుకున్నారు. సాయంత్రానికి ఆ వరసలో రోడ్డు నిజంగానే కాస్త వెడల్పయింది.

కుటుంబరావు ఇవేవీ పట్టించుకోలేదు. ఇళ్లన్నాక మరమ్మతులుంటాయి అనుకున్నాడు.

మర్నాడు పొద్దున బుల్లిబాబు ఒక అర్జీ రాయించి పట్టుకొచ్చాడు. "సార్, మన రోడ్డు వెడల్పు చేస్తున్నారంట. వద్దని అందరం సంతకాలు పెడుతున్నాం. మీరు డిపార్టుమెంటు మనిషి, మొదటి సంతకం మీది ఉంటే బరువుంటది."

కుటుంబరావు చెట్టు వైపు చూశాడు. రోడ్డు వెడల్పయితే ముందు పోయేది గోడ, ఆ వెంటనే చెట్టు. "నాకు తెలియకుండానా? ఎవరు చెప్పారయ్యా?"

"డిపార్టుమెంటువాళ్లే వచ్చి కొలిచి, మేకులు కొట్టి పోయారంట సార్. వీధంతా అదే మాట."

"ఎప్పుడు?"

"నిన్న పొద్దున్నేనంట."

నిన్న పొద్దునంతా తను వీధిలోనే ఉన్నాడు. తన కళ్లముందు ఎవరూ కొలవలేదు. అంటే స్నానానికి వెళ్లినప్పుడు వచ్చుంటారు! ఆయన మొదటి సంతకం పెట్టి, కింద తన పాత హోదా కూడా రాసి, ముప్పై మూడేళ్ల ఆఫీసు అనుభవంతో అర్జీలో రెండు తప్పులు దిద్ది ఇచ్చాడు. ఆ సంతకం చూశాక అప్పటిదాకా అటూ ఇటూ ఊగుతున్నవాళ్లు కూడా రోడ్డు ఖాయమని నమ్మేశారు.

అప్పటికీ మనసు ఊరుకోక, బుధవారం పొద్దున్నే ఆయన జగ్గయ్యపేట బస్సెక్కాడు. అక్కడ భారతీదేవిగారుంది. ఈయన పనిచేసిన ఆఫీసులోనే హెడ్ క్లర్కుగా చేసి రిటైరైంది. ఆవిడకు తెలియకుండా శాఖలో ఫైలు కదిలేది కాదు. ఆవిడ అంతా విని, కళ్లజోడు తుడుచుకుని, "నాకైతే తెలీదు కుటుంబరావుగారూ. కానీ మీ అంతటివారు మొదటి సంతకం పెట్టారంటే ఏదో ఉండే ఉంటుంది," అంది. ఆయన మరింత దిగులుతో తిరుగు బస్సెక్కాడు.

ఆ సమయానికి ఆయన గేటు ముందు బసవయ్య సైకిలు ఆగింది.

బసవయ్య చందర్లపాడు మనిషి. ఆ ఏడాది రోడ్డు చెట్ల ఫలసాయం వేలంపాటలో పాడుకున్నాడు. చింతకాయలు, కానుగకాయలు, నేరేడుపళ్లు, ఏ చెట్టున ఏది కాస్తే అది సంవత్సరం పొడుగునా ఆయనది. చేతిలో నలిగిపోయిన జాబితా కాగితం. గోడ మీదుగా చెట్టు మొదలు చూసి ఆయన మొహం వెలిగిపోయింది.

"అమ్మా! దొరికిందమ్మా! నాలుగొందల పదమూడు! ఫిబ్రవరి కాణ్ణించి తిరుగుతున్నా. పన్నెండుంది, పద్నాలుగుంది, ఇదొక్కటే కనపళ్లా. గోడ లోపల పెట్టుకున్నారేంది?"

"అది మా చెట్టు నాయనా," అంది వసుమతి బయటికొచ్చి.

"కాగితం చూడండమ్మా. నాలుగొందల పదమూడు, చింత."

"ఇది చింతచెట్టులా ఉందా నీకు?"

"చెట్టేదైతే నాకేందమ్మా? నాకు కావాల్సింది నంబరు. ఎవరు వేశారో గాని దస్తూరీ మటుకు డిపార్టుమెంటుదే."

వసుమతి చెట్టు దగ్గరికి వెళ్లి చూసింది. ఆ దస్తూరీ ఎవరిదో ఆమెకు చూడగానే తెలిసింది. పెళ్లైన కొత్తలో ఒకసారి ఇంటి ముందు రాలిన నాలుగు చింతకాయలు చెంగులో వేసుకొచ్చి చారు పెట్టబోతే, ఈ దస్తూరీ మనిషే కాయలు లెక్కపెట్టి తీసుకెళ్లి మళ్లీ చెట్టుకిందే పెట్టి వచ్చాడు. "నంబరు పడిన చెట్టు కాయ పాటదారుడిది వసుమతీ. మనం ముట్టుకోకూడదు." ముప్పై మూడేళ్లూ అదే మాట. వీధి గుమ్మం ముందు చింతచెట్టు పెట్టుకుని ఆమె బజార్లో చింతపండు కొనుక్కుంది. ఇప్పుడు ఆ నంబరును ఆయనే స్వయంగా తెచ్చి ఇంట్లో చెట్టుకు తగిలించాడు.

ఆమెకు ఒక పక్క నవ్వొచ్చింది, ఒక పక్క ఒళ్లు మండింది. "ఉన్నది ఒక్కటే కాయ నాయనా. కోసుకో," అంది.

సాయంత్రం కుటుంబరావు గేటు తీస్తూనే, అలవాటు ప్రకారం దోమతెర సంచిలో చెయ్యి పెట్టాడు. చేతికి గుడ్డే తగిలింది. ఒక్క క్షణం ఆయనకేమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక దిబ్బ మీదే కూలబడ్డాడు.

వసుమతి జరిగింది చెప్పింది.

"వాడు కోస్తుంటే చూస్తూ ఊరుకున్నావా?"

"ఊరుకోలేదండీ. తొడిమతో సహా కొయ్యమని కత్తెర నేనే ఇచ్చా. నంబరు పడిన చెట్టు కాయ ఎవరిది? మీరే చెప్పండి."

ముప్పై మూడేళ్లు తను చెప్పిన మాటకు ఎదురు చెప్పడం ఆయనకు చేతకాలేదు. రాత్రి అన్నంలో చెయ్యి పెట్టి కలుపుతూ కూర్చున్నాడే గాని ముద్ద నోట్లో పెట్టలేదు. వసుమతికి జాలి వేసింది. జాలి వేసినా, "వచ్చే గురువారం మేస్త్రీని రమ్మన్నానండీ. ఇంక పండటానికి కాయే లేదుగా," అని మెల్లగా చెప్పింది. మాటంటే మాటే.

గురువారం పొద్దున్నే కుటుంబరావు చందర్లపాడు వెళ్లి బసవయ్య ముందు నిలబడ్డాడు. "అయ్యా, ఆ నంబరు నేను సరదాకి రాసుకున్నది. నా కాయ నాకిచ్చెయ్."

బసవయ్య నమ్మలేదు. చెట్టుకు సరదాగా నంబరు వేసుకునే మనిషిని ఆయన అంతకుముందు చూడలేదు. "సార్, మీరు పెద్దవారు. ఇచ్చేస్తే రేపు ప్రతోడూ నా చెట్టు నాదంటాడు. ఆఫీసరమ్మ మీ రోడ్డు అర్జీ మీద వచ్చే బుధవారం వస్తందంట. ఆమె ముందే తేల్చుకుందాం. అందాక కాయ మా బియ్యం డ్రమ్ములో ఉంటది. పుల్లమ్మా, ఆ కాయ జోలికెవరూ పోమాకండి, అది ఆఫీసుది!" అని లోపల భార్యకు కేకేశాడు.

ఆ వారం రోజులూ కుటుంబరావు చెట్టు దగ్గరికి వెళ్లలేదు. పళ్లు తోముకుని నేరుగా లోపలికి వచ్చేసేవాడు. "దొరగారేమంటున్నారు?" అని అడగడానికి నోటిదాకా వచ్చినా వసుమతి అడగలేదు.

బుధవారం పదింటికి సంహిత వచ్చింది. కొత్తగా చేరిన అసిస్టెంట్ ఇంజినీరు. చేతిలో అర్జీ, వెనక టేపు పట్టుకుని ఒక మనిషి. టేపు చూడగానే వీధి వీధంతా కుటుంబరావు గేటు ముందు చేరింది.

"ఇందులో మొదటి సంతకం మీదేగా సార్? రోడ్డు వెడల్పు చేస్తున్నామని మీకెవరు చెప్పారండీ?"

"బుల్లిబాబు."

"నీకెవరు చెప్పారు?"

"మాష్టారు మెట్లు ఊడదీశారు కదండీ!"

"మీకు సార్?"

వరప్రసాదరావు స్టూలు మీద నుంచి వేలెత్తి చూపించాడు. "ఇంకెవరండీ, ఈయనే! గీత గీశారు, మేకు కొట్టారు, వచ్చే ఏడు ఇంకో మూడడుగులు వస్తుంది, దగ్గరుండి కొట్టిస్తానన్నారు!"

"నేనన్నది కొమ్మ గురించి మాష్టారూ!" అన్నాడు కుటుంబరావు.

వరప్రసాదరావు తన ఖాళీ గుమ్మం వైపు చూశాడు. బుల్లిబాబు తన పందిరి లేని కొట్టు వైపు చూశాడు. సంహిత నవ్వు ఆపుకుంటూ టేపు పట్టించి కొలిపించింది.

"రోడ్డు పనేమీ లేదండీ. కానీ మీ మెట్లు, పందిరి, కుళాయి దిమ్మె అన్నీ అడుగున్నర రోడ్డు మార్జిన్లోనే ఉండేవి. మీ అంతట మీరే తీసేశారు, చాలా థ్యాంక్సండీ. నాకు నోటీసులు రాసే పని తప్పింది," అంది. మాష్టారు స్టూలు దిగకుండానే తలుపేసుకున్నాడు.

"మేడమ్, నా సంగతి," అంటూ బసవయ్య ముందుకొచ్చాడు. జాబితా చూపించాడు, చెట్టు చూపించాడు, తువ్వాలు మూట విప్పాడు. మూటలో కాయ ఉంది. ఆకుపచ్చ రంగు మాసిపోయి నల్లబడింది. కుటుంబరావు ఆత్రంగా అందుకున్నాడు. బొటనవేలు లోపలికి దిగింది.

"కుళ్లబెట్టేశావు కదయ్యా!" అన్నాడు. "నాలుగేళ్లయ్యా! ఒక్క కాయ!"

"అన్నం మీద ఒట్టు సార్, బియ్యంలోంచి కదిలిస్తే ఒట్టు!"

"ఉండండి," అని వసుమతి ఆ కాయ లాక్కుంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "కుళ్లితే కంపు రాదూ?" అంటూ లోపలికెళ్లి కత్తి తెచ్చి, గోడ మీద పెట్టి రెండు చెక్కలు చేసింది. మధ్యలో కోడిగుడ్డంత గింజ. చుట్టూ పసుపుపచ్చగా, నున్నగా, అప్పుడే తీసిన వెన్నలాంటి గుజ్జు.

ఆమె ఆ చెక్కలకేసి చూసింది. మొగుడికేసి చూసింది.

"సపోటా చెట్టున పండుతుందాండీ? కోసి బియ్యంలో వేస్తేనే కదా మెత్తబడేది! ఇదీ అంతేనేమో! ఇంకో ఏడాది నొక్కినా ఇది చెట్టున పండేది కాదు. ఈ బసవయ్యగారు కొయ్యబట్టి పండింది. నలభై రోజులు రోజూ పొద్దున్నే దాన్ని అడిగారు గాని, ఒక్కరోజన్నా నన్నడిగారా?"

కుటుంబరావు కళ్లు తుడుచుకుంటున్నాడు. సంహిత వాచీ చూసుకుని, "ఇది మీ సొంత చెట్టే సార్. నంబరు చెరిపేయండి, జాబితాలో 413 నేను కొట్టేస్తా. కాయ మీరే తీసుకోండి," అంది.

అంతా అయిపోయిందనుకున్నారు. కుటుంబరావు చెయ్యి చాపి, మధ్యలో ఆపేశాడు.

"అలా కుదరదమ్మా. నంబరు మీరు కొట్టేసింది ఇవాళ. కాయ కోసింది పోయిన బుధవారం. ఆ రోజుకి జాబితాలో ఉంది, చెట్టు మీదా ఉంది. అంచేత కాయ పాటదారుడిదే."

"ఏవండీ!" అంది వసుమతి. ఆ పిలుపులో చాలా ఏళ్లున్నాయి.

సంహిత అర్జీ మడిచి సంచిలో పెట్టుకుంది. చివరికి బసవయ్యే ఒక చెక్క తీసి కుటుంబరావు చేతిలో పెట్టాడు. "సరే సార్, నాదే. నా కాయ నేను మీకు పెడుతున్నా. తినండి. పాటదారుడు పెడితే తినకూడదని రూలేమన్నా ఉందా?"

కుటుంబరావు ఆలోచించాడు. అటువంటి రూలేదీ గుర్తు రాలేదు. వేలితో కాస్త తీసి నోట్లో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. అందరూ ఆయన మొహంలోకే చూస్తున్నారు.

"ఎట్టా ఉంది సార్?"

"చాలా... మెత్తగా ఉంది," అన్నాడు ఆయన. అబద్ధం చెప్పడం రాదు మరి.

వసుమతీ నాలిక్కి రాసుకుని చూసింది. తీపి లేదు, పులుపు లేదు, ఉప్పు లేదు. మారు మాట్లాడకుండా రెండు చెక్కలూ లోపలికి తీసుకెళ్లింది. పచ్చిమిరపకాయలు, జీలకర్ర, ఉప్పు రోట్లో నూరి, ఆ గుజ్జు వేసి, నిమ్మకాయ పిండి, కొత్తిమీర చల్లి పట్టుకొచ్చింది. వేడన్నంలో తలా ఒక ముద్ద పెట్టింది. బసవయ్య రెండో ముద్దకు చెయ్యి చాపాడు. స్టూలు మీద నుంచి బేబి గిన్నె అందించి, "మాష్టారికి కూడా కాస్త వెయ్యండి పిన్నిగారూ, పొద్దుట్నించీ ఏం తినలా," అంది. పచ్చడి అడుగంటేదాకా ఎవరూ కదల్లేదు.

గురువారం మేస్త్రీ గునపంతో వచ్చాడు. "చెట్టెక్కడమ్మా కొట్టాల్సింది?"

"చెట్టు కాదు నాయనా. పెరట్లో బండ తెచ్చి ఈ చెట్టు నీడలో వెయ్యి. వచ్చే ఏడు పచ్చడికి కాయలు కావాలి," అంది వసుమతి. దిబ్బ వేళ్లకు సబ్బునీళ్లు తగలకుండా కుటుంబరావు తనే కూర్చుని కాలవ తవ్వాడు. నంబరు కూడా ఆ రోజే గీకేశాడు. మేస్త్రీ అటునుంచటే పక్కింటికి వెళ్లి, నల్లరాయి మెట్లు అడుగున్నర లోపలికి జరిపి కట్టాడు. అవి ఇప్పుడు ఎంత నిటారుగా ఉన్నాయంటే, మాష్టారు గోడ పట్టుకుని ఎక్కుతున్నాడు.

మాఘమాసంలో బసవయ్య సైకిలు మళ్లీ గేటు ముందు ఆగింది. వెనక గంపలో కొత్త చింతపండు. "పచ్చడి తిన్న రుణం అమ్మా," అని వరండాలో దించి వెళ్లిపోయాడు. వసుమతి బండ మీద కూర్చుని, పీట పక్కన పెట్టుకుని, గింజలు తీయడం మొదలుపెట్టింది. కుటుంబరావు పేపరు మడిచి వచ్చి గంప దగ్గర నిలబడ్డాడు. కాసేపు అటూ ఇటూ చూశాడు. చివరికి ఉండబట్టలేక అడిగేశాడు.

"ఏ నంబరు చెట్టుది?"

"నాలుగొందల పదమూడు," అంది వసుమతి, తలెత్తకుండా.